దామోదర్ గారి కదలకండి

దామోదర్ గారు మనుషులను నిలబెట్టేస్తారు. ఆయనకున్న అలవాటు అదొక్కటే. మీరు గోడకు ఆనుకోబోతారు, తలుపు మూయబోతారు, చెట్టు కిందికి కుర్చీ లాగబోతారు. "కదలకండి" అంటారు ఆయన. గొంతు పెంచరు. కానీ పక్కన పాము ఉన్నప్పుడు అనే మాటలా ఉంటుంది. మీరు ఆగిపోతారు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గోడకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూస్తారు. మీకు గోడ కనిపిస్తుంది. ఆయనకు మాత్ కనిపిస్తుంది.

మాత్ అంటే సీతాకోకచిలుకకు దగ్గర చుట్టం. రంగులు పంచేటప్పుడు ఇంట్లో లేని చుట్టం. న్యూజెర్సీకి దక్షిణాన ఇసుక నేలల్లో పైన్ అడవులున్నాయి. అక్కడుండే ఒక జాతి మాత్ దామోదర్ గారి ప్రాణం. రెక్కలు మూసిందంటే అది పైన్ బెరడే. అదే బూడిద రంగు, అవే నల్లటి పగుళ్లు. పగలంతా చెట్టుకు అతుక్కుని, తను లేనట్టే ఉండటం దాని పని. అది ఉందని కనిపెట్టడం ఈయన పని.

ఆయన అందరినీ 'అండి' అనే అంటారు. పక్కింటి కుక్కను కూడా. పిల్లల బండిలో పాలసీసా పట్టుకున్న పసిదాన్ని కూడా. మాత్‌తో అయితే ఇంకా మర్యాదగా, "ఉండండి, ఉండండి, మిమ్మల్ని పట్టుకోను" అంటారు.

రాజారావు గారి గృహప్రవేశం గురించి మా ఊరు ఎడిసన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముహూర్తం తొమ్మిది నలభై రెండు. భార్యాభర్తలు పాలగిన్నె పట్టుకుని గడప ముందు నిలబడ్డారు. బావమరిది గుమ్మడికాయ ఎత్తాడు. అప్పుడు వెనుక నుంచి వినిపించింది, "కదలకండి." ద్వారబంధం మీద, పసుపు రాయని జానెడు చోటులో, ఒక మాత్ ఉంది. నలభై మంది ఊపిరి బిగబట్టారు. బావమరిది చేతులు వణకసాగాయి. పంతులు గారు గడియారం చూసుకున్నారు, ఆకాశం చూశారు, మళ్లీ గడియారం చూసుకున్నారు. తొమ్మిది యాభై ఒకటికి అది ఎగిరింది. దామోదర్ గారు నోట్‌బుక్ తీసి సమయం రాసుకున్నారు. పంతులు గారు కూడా పంచాంగం తీసి, అసలు మంచి ఘడియ ఇప్పుడే మొదలవుతోందని కనిపెట్టారు. రాజారావు గారు ఆ తర్వాత ఆరు నెలలు దామోదర్ గారితో మాట్లాడలేదు. ఏడో నెలలో ఫోన్ చేశారట, గరాజ్ గోడ మీద ఏదో ఉంది, వచ్చి చూస్తారా అని.

ఆయన భార్య కృష్ణకుమారి గారికి ఉన్న ఫిర్యాదు వేరు. ముప్ఫై అడుగుల దూరంలో బెరడు మీద బెరడును చూసే మనిషికి, ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా కనిపించదు. ఓక్ ట్రీ రోడ్డు మీద షాపులో కందిపప్పు ముందు నిలబడి కందిపప్పు లేదంటారు. ఒకసారి నేను దీనికి కారణం అడిగితే ఆవిడ చాలా తేలిగ్గా చెప్పారు.

"పెరుగు దాక్కోదు కదయ్యా. దాక్కోనివి ఆయనకి కనిపించవు."

నేను నవ్వాను. అప్పటికి నా ఉద్యోగం ఉంది.

ఏప్రిల్ ఇరవై రెండున పోయింది. పదిహేను నిమిషాల మీటింగ్. వీసా మీద ఉన్నవాడికి ఆ మీటింగ్ తర్వాత మిగిలేది అరవై రోజులు. ఆలోగా మరో కంపెనీ నా తరఫున పిటిషన్ వేయాలి. లేదంటే ఇల్లు ఖాళీ చేసి విమానం ఎక్కాలి. నా భార్య నమ్రత గుంటూరులో ఉండగా పళ్ల డాక్టరు. ఇక్కడి లైసెన్సు పరీక్షకు అది మూడో ప్రయత్నం, జూన్ పన్నెండున. డైనింగ్ టేబుల్ నిండా ప్లాస్టర్ పళ్లు. రాత్రి నిద్రలో కూడా నరాల పేర్లు చెప్పేది. పరీక్ష అయ్యేదాకా ఆమెకు చెప్పకూడదని నిర్ణయించుకున్నాను.

కాబట్టి మర్నాడు కూడా ఆఫీసుకు బయలుదేరాను. ఇస్త్రీ చొక్కా, ల్యాప్‌టాప్ బ్యాగ్, నమ్రత కట్టిన లంచ్ డబ్బా. స్టేషన్ పార్కింగ్‌లో నాలుగో వరుసలో కారు ఆపాను. ఏడు నలభై రెండు ట్రైన్ వచ్చింది. అందరూ ఎక్కారు. నేను సీటు కాస్త వెనక్కి వాల్చుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, సాయంత్రం దాకా అప్లికేషన్లు పంపాను. తెలిసిన మనుషులు కారు పక్కనుంచి నడిచి వెళితే మెడ దించుకున్నాను. నా కెమ్రీ బూడిద రంగు. ఆ పార్కింగ్‌లో సగం కార్లు అదే రంగు. అది మంచి చోటని నాకు అనిపించింది.

తొమ్మిదో రోజు ఉదయం కిటికీ అవతల నుంచి ఆ మాట వినిపించింది.

"కదలకండి. డోర్ తీయకండి."

ల్యాప్‌టాప్ మూయబోయిన నా చెయ్యి అక్కడే ఆగింది. దామోదర్ గారు కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని డోర్ హ్యాండిల్ చూస్తున్నారు. స్టేషన్ టికెట్ ఆఫీసు గోడ మీద రాత్రంతా దీపం వెలుగుతుంది. దారి తప్పిన మాత్‌లు పొద్దున దాకా అక్కడే ఉంటాయి. రిటైరైన దగ్గర నుంచి, అంతకుముందు కూడా, ఆయన రోజూ పొద్దున ఆ గోడ చూడటానికి వస్తారట. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే వేరే స్టేషన్‌లో దాక్కునేవాణ్ని.

ఎనిమిది నిమిషాలు నేను కదల్లేదు. ట్రైన్ వచ్చింది, వెళ్లింది. మీ ట్రైన్ వెళ్లిపోయిందే అని ఆయన అంటారని ఎదురుచూశాను. చెప్పవలసిన అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఆయన లేచి, మోకాళ్లు దులుపుకుని, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని, వేరే మాట అడిగారు.

"మంగళవారం ఖాళీయేనా?"

"ఆఫీస్ ఉందండీ."

"పైన్ అడవిలో మాత్ సర్వే. నేను వాలంటీర్‌ని. ఇద్దరు ఉండాలి. అది రూలు."

అబద్ధం చెప్పేవాడికి ఒక్కోసారి దారి దానంతటదే దొరుకుతుంది. "మంగళవారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకోవచ్చు" అన్నాను.

ఆయన తల ఊపారు. "అడవిలో సిగ్నల్ రెండు గీతలు వస్తుంది" అన్నారు.

మంగళవారం ఆయన పాత నీలం కరోలాలో దక్షిణంగా గంటకు పైగా వెళ్లాం. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా ఆ కారు ఇంజన్ ఆగిపోతుంది. కృష్ణకుమారి గారు అమ్మేయమన్నప్పుడల్లా ఆయన వినబడనట్టు ఉంటారు. అడవిలో దిగగానే ప్యాంటు సాక్స్‌లో దోపుకోమన్నారు. అక్కడ గడ్డిలో టిక్స్ ఉంటాయి, మన పిడుదుల్లాంటివి. ఇస్త్రీ చొక్కా, సాక్స్‌లో దోపిన ఫార్మల్ ప్యాంటు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగ్, చేతిలో లంచ్ డబ్బా. ఆ వేషంలో నేను ఇసుక దారిన ఆయన వెనుక నడిచాను.

ఎలా చూడాలో ఆయన నేర్పారు. మాత్ కోసం వెతకకూడదు. వెతికితే కనిపించదు. బెరడు చూడాలి, ఊరికే, తీరిగ్గా. పగుళ్లన్నీ నిలువుగా పోతుంటాయి. ఎక్కడో ఒక పగులు మిగతావాటితో పోదు. అక్కడ ఆగాలి.

"ఆగి ఏం చేయాలండీ?"

"ఏం చేయకూడదు. దాన్ని చూశామని దానికి తెలియకూడదు. తెలిస్తే భయపడుతుంది."

మొదటి రోజు నాకు ఒక్కటీ కనిపించలేదు. ఆయనకు పదకొండు కనిపించాయి. మధ్యాహ్నం నా డబ్బాలోని బెండకాయ కూర ఇద్దరం పంచుకున్నాం. చెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిచి మూడు అప్లికేషన్లు పంపాను. నేను పంపేటప్పుడు ఆయన అటు తిరిగి కూర్చున్నారు.

ఆ తర్వాత గురువారం వెళ్లాం. మళ్లీ మంగళవారం. తర్వాత వారానికి నాలుగు రోజులు. ఇంత వర్క్ ఫ్రమ్ హోమ్ ఎలా దొరుకుతోందని ఆయన ఒక్కసారీ అడగలేదు. అడిగింది నమ్రత, అదీ వేరే మాట.

"నల్లబడ్డావేంటి? ఆఫీస్‌లో ఎండ ఎక్కడిది?"

"విండో సీట్ ఇచ్చారు."

ఆమె ప్లాస్టర్ దవడ పక్కన పెట్టి నన్ను ఒక క్షణం చూసింది. తర్వాత సన్‌స్క్రీన్ ట్యూబ్ తెచ్చి బ్యాగ్‌లో పెట్టింది.

ఇరవై ఏడో రోజు. ఆ ఉదయం పదకొండుకు ఒక రిక్రూటర్ ఫోన్ చేస్తానన్నాడు. దాదాపు నాలుగు వారాల్లో అంత దూరం వచ్చిన మాట అదొక్కటే. పదకొండుకు రెండు నిమిషాలుందనగా దామోదర్ గారు నా వైపు తిరిగారు.

"కదలకండి."

అది నా బ్యాగ్ పట్టీ మీద వాలింది, భుజానికి బెత్తెడు కింద. మెడ తిప్పకుండా, కనుకొసల నుంచి చూశాను. నల్లటి పట్టీ మీద బెరడు ముక్క. దాని మీసాలు కదులుతున్నాయి. జీవితంలో మొదటిసారి ఒక మాత్ నాకు పూర్తిగా కనిపించింది. అప్పుడే జేబులో ఫోన్ కొట్టుకోసాగింది.

ఒకసారి. రెండుసార్లు. దామోదర్ గారు చెయ్యి ఎత్తి ఉంచారు. మూడుసార్లు. నా చొక్కా వీపుకు అతుక్కుంది. నాలుగోసారికి నేను కదిలాను. మాత్ ఎగిరింది. ఫోన్ చెవికి పెట్టుకుని, నా గొంతు నాకే కొత్తగా వినిపించేంత మర్యాదగా హలో అన్నాను. నా కారు వారంటీ గడువు ముగియబోతోందని ఒక రికార్డింగ్ చెప్పింది.

దామోదర్ గారు నోట్‌బుక్‌లో సమయం రాసుకున్నారు. అసలు ఫోన్ మూడింటికి వచ్చింది. పొజిషన్ హోల్డ్‌లో పెట్టారట.

తిరిగి వచ్చేటప్పుడు కరోలా రెండుచోట్ల ఆగింది. రెండోచోట, వెనుక కార్లు హారన్లు కొడుతుంటే, ఆయన అన్నారు. "శనివారం రండి. ఇంకొకళ్లు కూడా వస్తున్నారు, జయంతి అని. ఎప్పట్నుంచో రమ్మంటున్నాను."

"ఇద్దరు ఉండాలన్నారుగా."

"శనివారం ముగ్గురు."

జయంతి గారు వరంగల్ మనిషి. నలభై దాటి ఉంటాయి. తన తెల్ల కారు దిగగానే ఎవరూ చెప్పకుండానే ప్యాంటు సాక్స్‌లో దోపుకున్నారు. కొత్తవారు కాదన్నమాట. అరగంట తిరిగాక నేనే ఒక చెట్టు దగ్గర ఆగాను. ఒక పగులు మిగతావాటితో పోవటం లేదు. నా అంతట నేను చూసిన మొదటిది. "కదలకండి" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నేనే ఉలిక్కిపడ్డాను. దామోదర్ గారు ఎంతో తృప్తిగా నిలబడిపోయారు.

ముగ్గురం అలా నిలబడ్డాం. అప్పుడు జయంతి గారు, పెదవులు తప్ప ఏమీ కదపకుండా, గుసగుసగా అడిగారు.

"ఫణి గారూ, మీరు డేటాబేస్‌ల మీద చేస్తరట కద?"

"అవునండీ."

"మా దగ్గర ఒక ముచ్చట ఐంది. మెయిన్ డేటాబేస్ నడుస్తనే ఉంది, కాపీ మాత్రం గంట వెనకబడ్డది. మీరైతే ముందు ఏం చూస్తరు?"

ముందు ఏది చూస్తానో చెప్పాను. అది కాకపోతే అన్నారు. రెండోది చెప్పాను. నా ఎడమకాలి సాక్స్ మీద ఒక టిక్ పైకి నడుస్తోంది. అదీ కాకపోతే అన్నారు. టిక్ ప్యాంటు అంచు దగ్గర ఆగి దారి వెతుక్కుంటోంది. నేను చెట్టునే చూస్తూ మూడోది చెప్పాను. ఒకసారి నేను చేసిన తప్పు కూడా చెప్పాను, ఏ కాపీ అసలుదో చూసుకోకుండా సర్వర్ రీస్టార్ట్ చేయడం. ఎదుట మాత్ ఉన్నప్పుడు గొప్పలు చెప్పుకోవాలనిపించదు. ఇరవై నిమిషాలు. చివరికి గాలి వచ్చి, అది తనంతట తను వెళ్లిపోయింది. నేను గెంతి టిక్ దులుపుకున్నాను.

సోమవారం ఒక కంపెనీ నుంచి మెయిల్. గురువారం వీడియో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ చేసేది నలుగురు. స్క్రీన్ మీద అందరికన్నా ముందు కనిపించింది జయంతి గారు. మిగతావాళ్లు వచ్చే లోపు ఆవిడ తెలుగులో రెండే మాటలు అన్నారు. "నా రౌండ్ మొన్న అడవిలనే ఐపోయింది. సాక్స్‌ల నుంచి ప్యాంట్ తీసిన్రా?"

తర్వాత నిశ్శబ్దం. ముప్ఫై ఎనిమిదో రోజు, నలభయ్యో రోజు, నలభై మూడు. పిటిషన్‌కు ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ కాగితం రావాలి, దానికే ఏడు పనిదినాలు. లాయరు లెక్క చెప్పాడు. నలభై తొమ్మిదో రోజు దాటితే లాభం లేదు.

నలభై ఆరో రోజు మేము అడవికి వెళ్లాం. నాకు ఇంట్లో కూర్చునే ధైర్యం లేక. కారు డ్యాష్‌బోర్డు అరలోంచి నోట్‌బుక్ అందుకోమని దామోదర్ గారు బయటి నుంచి అన్నారు. తీశాను. తొందరలో వెనుక వైపు నుంచి తెరుచుకుంది.

అవి మాత్‌ల పేజీలు కావు. మూడు గళ్లు గీసి ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు చూశాను, ఎగిరిన తేదీ.

తెల్ల సివిక్, రెండో వరుస, అక్టోబర్ 2017. ఎగిరింది, డిసెంబర్. జయంతి గారి కారు తెల్ల సివిక్.

ఎర్ర మాజ్దా, గోడ పక్క. ఎగిరింది. నల్ల అకార్డ్, ఐదో వరుస. ఎగిరింది. పదమూడు కార్లున్నాయి. ఏ పేరూ లేదు. అన్నిటికన్నా కింద, బూడిద కెమ్రీ, నాలుగో వరుస, ఏప్రిల్ 24. మూడో గడి ఖాళీ.

ఏప్రిల్ ఇరవై నాలుగు అంటే నా రెండో రోజు. ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చింది తొమ్మిదో రోజు.

పేజీలు వెనక్కి తిప్పి మొదటి వరుస చూశాను. నీలం కరోలా, మూడో వరుస, 2009 ఫిబ్రవరి. ఎగిరింది, జూన్. దాని పక్కనే, వేరే సిరాతో, చిన్న అక్షరాలతో ఒక మాట: టికెట్ ఆఫీసు గోడ మీద ఏదో ఉంది, ఈవేళ గమనించాను.

నేను ఆ నీలం కరోలా దిగాను. ఆయన ఒక చెట్టు ముందు నిలబడి ఉన్నారు. నా చేతిలో నోట్‌బుక్ ఎటువైపు తెరిచి ఉందో చూశారు. నేనే అడిగాను.

"ఎలా తెలిసిందండీ?"

"ఏడు నలభై రెండుకి అన్నీ ఒకవైపు పోతాయి. ఒక కారు పోదు."

"మరి వారం రోజులు ఎందుకు ఆగారు?"

ఆయన బెరడునే చూస్తున్నారు. "దగ్గరికి పోవాలంటే మెల్లగా పోవాలి. అద్దం మీద కొట్టి, ఏమయ్యా ఉద్యోగం పోయిందా అంటే, మర్నాడు ఆ కారు ఇంకో స్టేషన్‌లో ఉంటుంది. మీ డోర్ మీద ఆ రోజు ఏమీ లేదు, ఫణి గారూ. క్షమించండి."

ఎనిమిది నిమిషాలు ఒక ఖాళీ డోర్ హ్యాండిల్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు ఆయన. అరవై ఏడేళ్ల మనిషి.

నలభై ఏడో రోజు ఆఫర్ వచ్చింది. జూన్ పన్నెండున నమ్రత పరీక్ష రాసి బయటికి వచ్చింది. కారులో కూర్చోగానే మొత్తం చెప్పాలని నోరు తెరిచాను. ఆమె సీటు బెల్టు పెట్టుకుంటూ, ముందు తనే అన్నది. "ఉద్యోగం సంగతేనా?"

నెల రోజులుగా నా లంచ్ డబ్బాలో పైన్ ఆకులు వస్తున్నాయట. మొదట నాకు ఏదో అఫైర్ అనుకుందట. తర్వాత గుడిలో కృష్ణకుమారి గారు కనిపించి, మావారికి ఈ మధ్య అడవిలో బెండకాయ కూర దొరుకుతోందని సంతోషంగా చెప్పారట.

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఇంట్లో కూర్చుని నా ముఖం చూస్తూ ఉండేవాడివి. ఇంక నేనేం చదవను?"

యాభై ఏడో రోజు పిటిషన్ దాఖలైంది. జూలైలో ఉద్యోగంలో చేరాను. సర్వే ఫారం ఇంటర్నెట్‌లో ఉంటుంది కదా అని, ఒక రోజు తీరిగ్గా మొత్తం చదివాను. ఇద్దరు ఉండాలన్న రూలు అందులో ఎక్కడా లేదు.

చేరిన మొదటి రోజు నాలుగో వరుసలో కారు ఆపి దిగాను. దామోదర్ గారు టికెట్ ఆఫీసు గోడ ముందు, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఉన్నారు. పక్కన నిలబడ్డాను. గోడ మీద నాకు రెండు కనిపించాయి. ఆయనకు ఐదు. ట్రైన్ వచ్చిన చప్పుడైంది. నేను కదల్లేదు. అలవాటు.

"ఇక కదలండి" అన్నారాయన.

ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాను. ఆయన నోట్‌బుక్ వెనుక వైపు నుంచి తెరిచి, నా గడిలో తేదీ వేస్తున్నారు. వేసి, పెన్ను మూయలేదు. ఆయన చూపు వెంట నేనూ చూశాను. ఐదో వరుసలో ఒక వెండి రంగు హోండా. లోపల ఇస్త్రీ చొక్కా, కాస్త వెనక్కి వాల్చిన సీటు.

"శనివారం ఖాళీయేనా, ఫణి గారూ?" ఆయన గోడ వైపే చూస్తూ అడిగారు. "సర్వే ఉంది. ముగ్గురు ఉండాలి. అది రూలు."